ఎంతమంది?

మా లాడ్జీలో ఒంటిమనిషికి గది ఇవ్వరు.
బల్ల వెనక గోడకు ఆ అట్ట తగిలించింది నేనే,
రాత కూడా నాదే.
పన్నెండేండ్లుగా, బస్టాండు వెనక సందులో,
తెల్లారుజాము బస్సులు దిగి
కండ్లు నులుముకుంటా వచ్చే వాళ్ళను
"ఎంతమందండీ?" అని అడుగుతా ఉండాను.
ఒక్కరే అంటే తల అడ్డంగా ఊపుతాను.
ఊపే నాకు నలభై మూడు.
కొర్లగుంటలో ఒక గది,
తలుపు వెనక ఒకటే గొడుగు.

పెండ్లి సంగతి అడగబాకండి.
అది రెండు మూడుసార్లు వచ్చి
వాకిట్లో చెప్పులు విడిచి
కాఫీ తాగి పోయింది.
కాఫీ బాగానే పెట్టినాను.

బుధవారం సెలవు.
పాకాల మీదుగా కాట్పాడి పోయే బండిలో
కుడిపక్క కిటికీ నాది.
కౌంటరులో పిల్లోడు "ఎన్ని?" అంటాడు,
"ఒకటి" అంటాను, గొంతు తగ్గించకుండా.
ఆ ఒక్క మాట నేర్చుకోను చానా ఏండ్లు పట్టింది.

చంద్రగిరి దాటినాక కొండ మీద మబ్బు,
ఎవరో ఆరేసి మర్చిపోయిన తువ్వాలు మాదిరి.
ఒళ్ళో ఉడకేసిన సెనిక్కాయల పొట్లం.
ఉప్పునీళ్ళు కాగితం దాటి చీరలోకి దిగుతాయి.
చీర ఎందుకు తడిసిందో
ఇంట్లో ఎవరికీ చెప్పే పని లేదు.
ఒక్కోసారి చెప్పాలనిపిస్తుంది, అదీ నిజమే.
పాకాలలో బండి ఊరికే నిలబడిపోతుంది.
నేనూ ఊరికే ఉంటాను.

చిత్తూరులో దిగితే రెడ్డెమ్మ.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని,
సీజను పోయి ఆర్నెల్లయినా గోళ్ళు పసుపే.
"ఏంమే, చిక్కిపోయినావే!" అంటుంది ప్రతిసారీ.
ఆ లెక్కన ఈపాటికి నేను
గాలికి ఎగిరిపోయి ఉండాల.
దాని మొగుడు మంచోడే,
బుధవారం దోసెలు ఆయనే పోసుకుంటాడు.

చలి మొదలైతే అనపకాయల కాలం.
ఖైరున్ కుట్టుమిషన్ పక్కన కింద కూర్చుని
నానిన గింజలు ముగ్గురం పితుకుతాం.
రెండు వేళ్ళతో నొక్కితే పప్పు
పొట్టు విడిచి, చేయి జారిన చేపపిల్ల మాదిరి ఎగిరి
గుడ్డపీలికల్లోకి దూరుతుంది.
ఎవరిది దూరం పోతుందో పందెం.
ఖైరున్‌కు మనవరాలు పుట్టింది మొన్ననే,
అయినా తొండి ఆడడం మానలేదు.
రాత్రి డ్యూటీకి టిఫిను డబ్బాలో
పితికిపప్పు కూర, ముద్ద సంగటి.
మూత తీస్తే లాడ్జీ మెట్లదాకా వాసన.
మూడో అంతస్తు వాళ్ళు
"ఈడ భోజనం కూడా పెడతారా?" అని దిగి వచ్చినారు ఒకసారి.

పోయిన నెల, మూడున్నరకు, ఒకామె వచ్చింది.
నెరిసిన జడ, గుడ్డసంచి, కాళ్ళకు మగపిల్లోళ్ళ బూట్లు.
"కొండకా అమ్మా?"
"కాదు. తలకోనలో నీళ్ళు పడతా ఉన్నాయంట.
చూద్దామని."
"ఎంతమంది?"
"నేనే," అనింది.

ఒక్కదాన్నే, అనలేదు.
నేనే, అనింది,
ఎవరో పిలిస్తే పలికినట్టు.

రిజిస్టరులో రెండో మనిషి గడిలో
నా పేరు రాసినాను.
ఓనరు చూస్తే చూస్తాడు.

తెల్లారి డ్యూటీ దిగి
ఆమెతో పాటే తలకోన బస్సెక్కినాను.
భాకరాపేటదాకా ఇద్దరం నిద్రపోయినాం,
ఆమె తల నా భుజం మీద, పేరు కూడా సరిగా తెలీదు.
నీళ్ళ కింద నిలబడితే
వీపు మీద ఎవరో ఇసక కుమ్మరించినట్టు.
ఆమె అరిచింది, నేనూ అరిచినాను,
రాళ్ళ మీద కోతులు తిరిగి చూసినాయి.
ఒక చెప్పు కొట్టుకుపోయింది.

ఆ రాత్రి మళ్ళీ బల్ల దగ్గర.
అట్ట గోడకే ఉంది.
మిగిలిన చెప్పు కుర్చీ కింద ఆరతా ఉంది.
తిరువణ్ణామలై బస్సు దిగి వస్తా ఉన్నారు ఎవరో,
ఎంతమందో చీకట్లో తెలీడం లేదు.