మూడో చెవి

ముందు కిరోసిన్లో నానబెట్టాలి.
అరవై ఏళ్ల జిడ్డు ఒక్కపూటలో మాట వినదు.
మర్నాడు పాత టూత్‌బ్రష్‌తో తోముతూ ఉంటే
లోపలి లోహం నిద్ర చాలని మొహంతో బయటికొస్తుంది.

ఇవాతలో మూతబడ్డ ఒక షెడ్డు నుంచి
పదిహేడు డబ్బాలు తెచ్చాం, నేనూ మొరోజుమి గారూ,
తూకం లెక్కన.
హమమాత్సు చలికాలం. కొండల మీంచి దిగిన పొడిగాలి
షట్టరు కింద దూరి కాళ్లు కొరుకుతోంది.

చాలావాటికి ఇంటిపేరు ఒంటిమీదే ఉంటుంది.
స్క్రూ తలలో గాడుల పక్కన దిష్టిచుక్కంత గుంట ఉంటే
ఇక్కడిదే, పరాయి స్క్రూడ్రైవరు పెట్టకు, తల చెడుతుంది.
హోండా ముక్కయితే మధ్య మూడంకెలు చాలు.
ఒకసారి ఒక రబ్బరు బుడిపెని వాసన చూసి
ఏ కంపెనీదో చెప్పాడు మొరోజుమి.
నేను నవ్వాను.
అతను చెప్పిందే నిజమైంది.

నేను సావొ పౌలోలో పుట్టాను. పేరు వాల్దెసీర్, ఇంటిపేరు హిగ.
నా మొహం చూసి మాట్లాడటం మొదలుపెడతారు,
నా మాట విని ఆగిపోతారు.
తిప్పి తిప్పి చూసి, ఇది ఎక్కడిదబ్బా అనుకునే చూపు
నాకు కొత్తేం కాదు.

తొమ్మిదో డబ్బా అడుగున దొరికిందది.
అరచేతిలో పట్టేంత. మూడు చెవులు.
రెండు బుద్ధిగా ఒకవైపు,
మూడోది పిలిస్తే పలకనట్టు ఎడమకి తిరిగి.
దాని కంతలో మరచుట్టు కూడా ఎడమదే.
అంకె లేదు, అక్షరం లేదు.

ఆయిల్ పంపుకి ఆసరా అన్నాను నేను.
మాగ్నెటో మూత అన్నాడు పెయింటు కొట్టు షిగెయొషి.
మొరోజుమి మూడు రాత్రులు
పురుగులు తిన్న కాటలాగులు తిరగేసి
"కుట్టుమిషనుదేమో" అన్నాడు,
అంటే ఓడిపోయానని.

పన్నెండు రోజులు టీ గ్లాసు పక్కనే పడుంది.

పదమూడో రోజు కికునో గారు వచ్చింది.
తోసుకెళ్లే బండి చక్రం కిర్రుమంటోందట.
బుట్టలో ఉల్లికాడలు, ఒక చేప పొట్లం.
ఎనభై ఏడేళ్లు. కళ్లజోడు తేలేదు.
చక్రం సంగతి చెబుతూ చెబుతూనే
బల్ల మీద దాన్ని తీసుకుని
ఎవరూ చూడని లోపలి వంపులో బొటనవేలు పెట్టి రాసింది.

"ఇసుక మాది," అంది.

తెన్ర్యూ నది ఒడ్డున పోత కొట్టు. ఆవిడకి పదహారు.
ఊళ్లో ముప్పై మంది ముప్పై రకాల బళ్లు చేస్తున్న రోజులు,
సగం పేర్లు ఏడాది తిరగలేదు.

"ఏ బండిది అమ్మా?"
"ఏ బండిదీ కాదు.
మూస తిరగేసి పెట్టాను.
నలభై పోశాక గాని ఎవరూ చూడలేదు.
అన్నీ మళ్లీ కరిగించారు. లెక్కకి ఒకటి తగ్గింది.
మేస్త్రీ నన్నొక్క మాట అనలేదు."
కాసేపాగి, "అనుంటే బావుండేది," అంది.

మొరోజుమి కాటలాగు మూసేశాడు.

అప్పుడు నేను కంత చూపించాను.
పోతలో రాదు కదా మర, తర్వాత ఎవరో కోయాలి.
అంచులు అరిగి మెరుస్తున్నాయి.
ఎన్నో ఏళ్లు ఏదో బోల్టు అందులో వణికింది.
ఎక్కడో, ఏ బండికో.
తప్పుని కరిగించకుండా
దానికి సరిపడా ఎడమ మర కోసుకున్నాడు ఎవడో.

కికునో గారు మొహం దగ్గరికి తెచ్చుకుంది.
"దీన్ని వాడారా?"

డబ్బాలన్నీ వెతికి ఒక ఎడమ బోల్టు ఇచ్చాను.
అలవాటుకొద్దీ కుడికి తిప్పింది, ఎక్కలేదు.
ఎడమకి తిప్పింది.
దిగింది.
మళ్లీ విప్పింది. మళ్లీ బిగించింది.

టీ చల్లారింది. చేప పొట్లం మీదికి పిల్లి వచ్చింది.
చక్రం మాట ముగ్గురం మర్చిపోయాం.