గేజీ కింద

కూర్చో అమ్మా సునీలా,
ఆ స్టూలు కాలు ఊగుద్ది, గోడవైపు జరుపుకో.
మిషను నన్ను నాలుగు గంటలు వదలదు,
నీ కాయితాలన్నీ తీరిగ్గా అయిపోతాయి.

గడిచిన నాలుగు వారాల్లో, అని మొదలెట్టావు.
నాలుగు వారాలంటే నా లెక్కలో
అమలాపురం బస్సు పన్నెండుసార్లు,
పోట్లు ఇరవైనాలుగు,
కిటికీ పక్క సీటు ఒక్కసారే దొరకలేదు.
ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడూ, అస్సలు లేదు,
నాలుగు గడులు గీసుకొచ్చావు.

గడులు నింపినవాణ్ణే నేనూ.
ముప్పైమూడేళ్లు లాకు మీద లస్కరుని.
పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
పాచిమెట్లు దిగి, గేజీ రాయి చూసి
ఎగువ ఎంత, దిగువ ఎంత
అడుగులూ అంగుళాలూ రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి.
ఎనిమిదూళ్ల చేలు తడిసిన నీళ్లు
నా తలుపు కింద నుంచే వెళ్లాయి.
ఇప్పుడు నా వాటా రోజుకి ముప్పాతిక లీటరు.
స్టీలు గ్లాసుకి వీరమణి
గోళ్లరంగుతో గీత పెట్టింది.

దాహం ఎంత ఇబ్బంది పెడుతోందీ అన్నావు.
కోనసీమలో పుట్టి బొండం తాగకూడనివాణ్ణి ఏమడుగుతావు?
పెరట్లో చక్కెరకేళి గెల పండితే
కాకుల్ని అదిలించడం మానేశాను.
ఎవరో ఒకరు తినాలిగా.

కాళ్ల తిమ్మిరికి పదికి ఎంత?
మొన్న కాలవగట్టు మీద ఓ పిల్లాడు వెనకాలే పరిగెత్తుకొచ్చి
తాతా నీ చెప్పు, అని చేతిలో పెట్టాడు.
అరమైలు ఒంటిచెప్పుతో నడిచాను,
మట్టి చెప్పలేదు, నేనడగలేదు.
ఇరవైరెండేళ్ల షుగరు,
ముందు అరికాలు తిన్నది, తర్వాత చూపు మసక,
నెమ్మదిగా కిడ్నీల గుమ్మం ఎక్కింది.

పన్నెండో ప్రశ్న నువ్వు చదవకుండా దాటేశావు,
తల దించుకునే టిక్కు పెట్టావు. చూశాన్లే.
తప్పేం లేదు, నీ వయసు మా మనవరాలిది.
రాత్రిళ్లు వీరమణి నా పాదాలకి నూనె రాస్తది.
లేచి చూస్తే గానీ రాస్తోందని నాకు తెలీదు.
అందుకే లేచి చూస్తాను.
దానికి నీ దగ్గర గడి ఉందా?

ఆరో బెడ్డు మరిడమ్మ
రొయ్యల షెడ్డులో తలలు తీసిన మనిషి,
నీ చేత పదికి తొమ్మిది వేయించుకుంది కదూ?
తక్కువ మార్కులొస్తే బెడ్డు తీసేస్తారని
ఆవిడకెవరో చెప్పారు.
పోయిన బుధవారం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.
అదెక్కడా రాయకు.

ఓ మాట చెబుతాను, ఇది రాసుకో.
వేసవిలో కాలువ కట్టేసేవాళ్లు.
నీళ్లు దిగి, దిగి, సున్నా అంకె కూడా దాటి
రాయి కిందకి జారిపోయేవి.
నేను రిజిస్టరులో 'గేజీ కింద' అని రాశాను.
ఓవర్సీరు కస్సుమన్నాడు, అంకె కావాలయ్యా, మాటలెందుకు?
కొట్టేసి సున్నా వేశాను.
ఆ సున్నా కింద, అదే సాయంత్రం,
మోకాటిలోతు బురదలో పిల్లలు
మట్టగిడసల్ని తువ్వాళ్లతో పడుతున్నారు.
ఎవరిదో పాత ఇత్తడిచెంబు దొరికింది, ఊరంతా చూడటానికొచ్చింది.
నా రిజిస్టరులో ఆ పూట సున్నా.

అలా చూడకు, నీ ఉద్యోగం నువ్వు చెయ్యాలి.
సూదులు తీసి, పత్తి అదిమి, రక్తం ఆగాక
నువ్వింకా ఉంటే
నా ఎడంచేతి మణికట్టు మీద వేలు పెట్టి చూడు.
లోపల జుమ్ముమంటది.
తలుపు జానెడు ఎత్తినప్పుడు
లాకు గోడలోంచి అరచేతికి తెలిసే మోత, అచ్చం అదే.
నిద్ర పట్టనప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటాను.
పోతున్నాయి నీళ్లు, అనుకుంటాను.
ఎంత, అని చూడను.

సర్లే,
ఆ పదహారోది ఏదో అన్నావు, మళ్లీ చదువు.