డిమైజ్

అల్లూరు రిజిస్ట్రార్ ఆఫీసు వసారాలో
పాత నమూనా చూసి లీజు టైపు కొడుతున్నాను.
"హియర్‌బై డిమైజ్" దగ్గర వేలాగింది.
"దాని తెలుగేంది?" అంది పెంచలమ్మ.
పక్కన మనవడు, ఇంగ్లీషు మీడియం:
"చచ్చిపోవడం, అవ్వా."

కాదమ్మా, క్రియగా వాడితే
కౌలుకియ్యడమని అర్థం,
ఏడేళ్ళకు నీ నేల నీకొచ్చేస్తుంది,
అని డిక్షనరీ తెరిచి చూపించాను.
ఆమె వేలిముద్రేసి
సిరా తలకు తుడుచుకుంది.

ఏడేళ్ళు రొయ్యలు.
తరవాత మొలగొలుకులు నారుపోస్తే
ఒక్క మొలకా లేవలేదంట.
చెంగులో మట్టి తెచ్చి
నా టైపు మిషను పక్కన పోసింది.
నాలిక్కి రాసుకున్నాను. సముద్రం.

రాతకూలి మూడొందలు తిరిగిస్తానంటే వద్దంది.
"నువ్వు అర్థం సరిగానే చెప్పావులే, నాయనా.
నేల నాకొచ్చింది గదా."