ముద్ర సరిగా పడని కార్డు

ఆదివారం పోస్టాఫీసులు తెరవరు.
అందుకే నా సరదాకి క్యాజువల్ లీవులు ఖర్చవుతాయి.
చీమకుర్తి గ్రానైటు ఆఫీసులో మా మేనేజరు
చీటీ మీద "సొంత పని" అని చదివి
"మళ్ళీ పోస్టాఫీసేనా?" అంటాడు.
అవునంటే సంతకం పెడతాడు,
కాదంటే నమ్మడు.

స్కూటీ డిక్కీలో నీళ్ళ సీసా, గొడుగు,
యాభై పైసల కార్డులు ఒక కట్ట.
పొదిలి దాటాక రోడ్డు పక్క కంచెలు పలచబడతాయి,
కనిగిరి దాటాక
ఎవరినైనా నీళ్ళడగాలంటే మొహమాటం.

పెద్ద ఊళ్ళవి నేను తీయను.
గేటున్నవి, ఏటీఎం ఉన్నవి
వాటంతట అవే గుర్తుంటాయి.
నాక్కావలసినవి బ్రాంచి ఆఫీసులు.
ఎవరింటి వసారాలోనో ఒక బల్ల, ఒక తక్కెడ,
కందుల బస్తా పక్కన ఎర్ర డబ్బా.
ఒకచోట బర్రెల కొట్టం ముందు.
ఫోటోలో తోక వచ్చింది, తీసేయలేదు.

నన్ను చూడగానే కుర్చీలోంచి లేస్తారు.
"తనిఖీయా అమ్మా?"
కాదు, ఫోటో.
"ఎందుకూ?"
నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న దగ్గర నీళ్ళు నములుతున్నా.
ఒకాయన నన్ను స్థలం కొనేదాన్ననుకున్నాడు.
ఒక ముసలాయన పింఛను ఆగిందని వేలు చూపించాడు,
మిషను గుర్తుపట్టని వేలు,
పొగాకు అల్లి అల్లి గీతలు పోయిన వేలు.
దాన్ని ఫోటో తీయమన్నాడు. తీశాను.
ఎవరికి చూపించాలో ఇద్దరికీ తెలియదు.

వచ్చేముందు ప్రతిచోటా నాకు నేనే ఒక కార్డు రాసుకుంటా.
"మజ్జిగ ఇచ్చారు. బోర్డుకి రంగు లేదు."
"డబ్బాకి తాళం ఉంది, చెవి లేదు."
అంతే. కింద నా చిరునామా.
కార్డు నా వెనకే బయల్దేరి
నాలుగు రోజులకో పదకొండు రోజులకో ఇల్లు చేరుతుంది,
ఏ సంచిలో నిద్రపోయిందో చెప్పదు.
మా పోస్ట్‌మ్యాన్ ఖాజావలి అన్నీ చదివే ఇస్తాడు.
దాచడు కూడా:
"ఈసారి మజ్జిగ పోశారంట గదమ్మా!"

మొన్న, పామూరు అవతల, రాళ్ళవాగుపల్లె.
డబ్బాలో కందిరీగలు గూడు పెట్టాయి.
మూతికి గుడ్డ కుక్కి, పైన సుద్దతో రాశారు:
ఇందులో వేయొద్దు, చేతికియ్యండి.
పోస్టుమాస్టరు చెంచురత్నమ్మ. ఫిబ్రవరిలో దిగిపోతుంది.
ముద్ర మీద తేదీ పోయిన గురువారానిది,
ఆ రోజు మంగళవారం.
"అడిగినోళ్ళు లేరు గదా" అని
కళ్ళజోడు నుదుటికి తోసి, సూదిమొనతో
ఒక్కో అంకె పీకి, తుడిచి, పెట్టింది.
ఆ పని అయ్యేదాకా మాట్లాడలేదు.
నేనూ దగ్గు ఆపుకున్నాను.
"ఇప్పుడు కొట్టనా?"
కొట్టింది. సిరా ఎక్కువైంది.
ఊరి పేరు నల్లటి మరకై కూర్చుంది.
ఇంకో కార్డు తీయబోతే చెయ్యి పట్టుకుంది:
"ఇంకో అర్ధరూపాయి దండగెందుకు?"

నాలుగేళ్ళలో నా ఫోటోల్లో మనుషుల్లేరు.
కొంచెం పక్కకి జరగండి అనేదాన్ని, బోర్డు కనపడాలని.
ఆమె లోపలికెళ్ళి కోక మార్చుకొచ్చి
సరిగ్గా బోర్డు ముందు నిలబడింది.
జరగమనబోయి
గొంతు సవరించుకుని
తీశాను.
ఆమె ఎడమ భుజం పక్కన "తపా" మాత్రం కనపడుతోంది,
మిగతా అక్షరాలు ఆమె వెనక ఉండిపోయాయి.

తొమ్మిదో రోజు కార్డు వచ్చింది.
ఖాజావలి సైకిలు దిగకుండానే
వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు.
"ఊరు పడలేదే. ఏడది?"
చెప్పాను.
నోట్లో ఒకసారి అనుకున్నాడు, రాళ్ళవాగుపల్లె.
"ఇరవయ్యారేళ్ళ నించి పంచతన్నా.
ఇయ్యి బయల్దేరే చోటు ఒక్కటీ చూళ్ళా."
దిగి, స్టాండు వేశాడు.
"ఈసారి లీవెప్పుడమ్మా?
నాకూ రెండు మురిగిపోతన్నయ్."