ఊదా కొమ్మ

ముప్పై ఏళ్ళు గడియారాల కడుపులోకి చూసిన కన్ను నాది.
వెంట్రుకంత స్ప్రింగు వంకర తిరిగినా
పసిగట్టి సరిచేసిన కన్ను.
రెండు నెలలుగా నా ఇంట్లోనే మేస్తున్నవాటిని మాత్రం
చూడలేకపోయింది.

బెజాన్సన్‌లో నవంబరు.
దూ నది మీది మంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది.
ఇక్కణ్ణించి ఏ సముద్రానికైనా రైల్లో సగం రోజు.
హాల్లో మాత్రం నాలుగు వందల లీటర్ల ఉప్పునీళ్ళు,
నేనే తూచి, నేనే కలిపిన ఉప్పు.
నీలం దీపం కింద
అదే సముద్రమనుకుని బతికే కొన్ని పగడపు కొమ్మలు.

ఊదా కొమ్మ ముందు పాలిపోయింది.
వెలుతురు ఎక్కువైందనుకుని దీపం తగ్గించాను.
కాల్షియం చూశాను, నీటి వేడి చూశాను,
పంపు విప్పి కడిగాను.
మనిషన్నాక ముందు తన తప్పే వెతుక్కుంటారు,
లేదా నేను అలాంటిదాన్ని.

ఓ రాత్రి పిపెట్‌తో కొమ్మ మీదికి నీళ్ళు ఊదితే
దాని చర్మంలో ఒక ముక్క లేచి
ఉల్లిపొరలా తేలింది.
తేలి, ఈదింది.

భూతద్దం కంటికి బిగించి చూశాను.
గోటి మీది తెల్లమచ్చంత పురుగు.
దానికంటూ ఒక రంగు లేదు,
ఏ కొమ్మను తింటే ఆ కొమ్మ రంగు.
తిన్న ఇంటినే చొక్కాలా తొడుక్కుని పడుకుంటుంది.
పాకిన దారంతా గుండ్రని గాట్లు,
గడియారంలో కెంపురాళ్ళు ఊడదీసిన గుంటల్లా.

బకెట్లో అయోడిన్, డికాషన్ రంగు నీళ్ళు.
ఒక్కో కొమ్మనూ పావుగంట ముంచి ఊపితే
రాలాయి. ముప్పై ఏడు దాకా లెక్కపెట్టి మానేశాను.
గెలిచానని కూడా అనిపించింది, ఒక పూట.

గుడ్లకి అయోడిన్ అంటే లెక్కలేదు.
కొమ్మ మొదట్లో, కండ పోయి ఎముక తేలినచోట
తేనెరంగు గుడ్లు, వరస తప్పకుండా.
పెట్టిందెవరో గానీ పని తెలిసిన జీవి.
బ్లేడు పట్టిన చెయ్యి కాస్త ఆగింది,
చేతిపనివాళ్ళ జబ్బు అది.
గీకేశాను.

వారానికోసారి, ఏడు వారాలు ఇదే పని.
పిల్ల బయటికొచ్చాక, అది తిరిగి గుడ్లు పెట్టేలోగా
ఉన్న సందులో చెయ్యి దూర్చాలి.
ఇంతా చేసి మళ్ళీ గడియారం పనే.

ఎక్కణ్ణించి వచ్చాయి?
సెప్టెంబరులో నా పుట్టినరోజుకి తియెబో తెచ్చిన ఆకుపచ్చ కొమ్మ.
సంచిలో నీళ్ళు పోసి
కోటు లోపల వెచ్చగా దాచుకుని తెచ్చాడు, పాపం.
మందులో ముంచకుండానే తొట్టెలో పెట్టాను,
స్నేహితుడి చేతిని అనుమానించడం మర్యాద కాదని.

ఈ మాట డైరీలో రాస్తూ రాస్తూ ఆగిపోయాను.
అక్టోబరులో కింది అంతస్తు కుర్రాడు ఇలియెస్,
పదమూడేళ్ళవాడు, మొదటి తొట్టె పెట్టుకున్నాడని
ఊదా కొమ్మ విరిచి నేనే ఇచ్చాను.
ఎంత గొప్పగా ఇచ్చానో!

ఫోను చెయ్యొచ్చు.
చీటీ రాసి తలుపు కింద తొయ్యొచ్చు.
రెండు రోజులు ఏదీ చెయ్యలేదు.
మెట్ల మీద ఎదురైతే, "పగడం ఎలా ఉంది?" అన్నాను,
ఏమీ ఎరగనట్టు.
"పాలిపోతోంది మదామ్. నాకు చేతకావట్లేదు," అన్నాడు.
వాడూ ముందు తన తప్పే వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రమే దిగి వెళ్ళాను,
చేతిలో బకెట్టు, జేబుల్లో అయోడిన్, బ్లేడు,
ఒక పాత టూత్‌బ్రష్షు.
వాళ్ళమ్మ తలుపు తీసి, పుదీనా టీ పెడతానంది.
టీ తర్వాత, ముందు నేను చెప్పేది వినండి, అన్నాను.
విన్నది. విని, ఇంకో బకెట్టు కూడా తెచ్చింది.

ఇలియెస్ కంటికి నా భూతద్దం పెట్టాను.
చాలాసేపు వాడికి ఏమీ కనబడలేదు.
"కదలనివ్వు," అన్నాను, "కదిలితే తెలుస్తుంది."
కదిలింది.
"భలే ఉందే," అన్నాడు ఊపిరి బిగబట్టి,
చంపాల్సినదాన్ని చూస్తూ.