అబ్రకం వేళ్ళు

కాలేజీలో సారు చెప్పినాడు,
పుట్టినప్పుడు మనిషి మనసు రాయని పలకంట.
నాకు నవ్వొచ్చింది.
మా ఇంట్లో రాయని పలక ఎవరికి దొరికింది?
నాకిచ్చింది మా అక్కది.
అక్కకి ముందు మా చిన్నాయన కూతురిది.
బొగ్గూ ఆకురసమూ పెట్టి ఎంత తోమినా
నా 'అ' కింద ఎవరిదో ఇంకో 'అ'
గీరుకుపోయి ఉండేది.

మా అవ్వ మస్తానమ్మ.
కసుమూరు దర్గాలో మొక్కుకుంటే నిలిచిన బిడ్డ.
ఆ దర్గాకీ మాకూ ఏం చుట్టరికమో
ఆమె అడగలా, మేమూ అడగలా.
పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలుకుతుంది.

కలిచేడు షెడ్డులో ముప్పై ఏళ్ళు
వంకీకత్తితో అబ్రకం చీల్చింది.
పొర తీస్తే పొర, దాని కింద పొర.
పిలకాయప్పుడు పక్కన కూచుని అడిగినా:
"లోపల గింజేమన్నా ఉంటదా అవ్వా?"
"ఉంటే ఎప్పుడో తూకానికి పెట్టేసుందురు.
గెమ్మునుండు, మేస్త్రీ వస్తన్నాడు."

ఆ పొరలు ఓడలెక్కి పోయి
రష్యా రేడియోల్లో కూచున్నాయంట.
ఎవురి వార్తలో, ఎవురి పాటలో
మా అవ్వ చీల్చిన సందుల్లోంచి పోయినాయి.
ఆమె ఒక్క మాటా వినలా.

గనులు మూతపడినాయి.
మేస్త్రీ చచ్చి పాతికేళ్ళు.
ఇప్పటికీ రోడ్డు మీద బుల్లెట్టు చప్పుడైతే
కునికిపాట్లలో కూడా పైట సర్దుకుంటది.
ఆ బెదురు ఎవరిది? ఆమెదా, మేస్త్రీదా?
పంచుకోవడానికి ఆయన లేడు కదా.

నేను మాత్రం తక్కువా?
మొన్న నెల్లూరులో
స్నేహితుడు లోపలికి రమ్మన్నాడు,
చెయ్యి పట్టుకుని మరీ.
కాలు గడప ముందర ఆగింది.
నేను ఆపలా.
నేను పుట్టకముందే ఎవరో ఆపేసి పోయిన కాలు అది.

ఈ నెల బియ్యానికి అవ్వని తీసుకుపోయినాను.
మిషను మీద బొటనేలు పెట్టింది. పడలా.
కొంగుకి తుడిచి మళ్ళీ పెట్టింది. పడలా.
చూపుడేలు. ఉంగరపేలు. ఎడంచెయ్యి.
"నువ్వు మస్తానమ్మవి కాదంటంది అవ్వా"
అన్నాడు డీలరు, పాపం, నవ్వుతానే.
గీతలన్నీ అబ్రకం అరగదీసేసింది.

సారూ,
రాయని పలక ఇట్టా ఉంటది.
పుట్టినప్పుడు కాదు, చివర్లో.
అదీ ఊరికే రాదు,
రోజుకి ఇంత అని కూలిచ్చి చేయిస్తారు.

ఇదంతా చెప్దామని నోరు తెరిచేలోపల
అవ్వ ఆ మిషను అద్దాన్ని గోటితో గీకి,
చెవి దగ్గరికి ఒంగి, అడిగింది:
"దీంట్లో కూడా ఉందంట్రా, మన అబ్రకం?"

డీలరుకి తెలీదు.
నాకూ తెలీదు.
వెనకాల క్యూ పెరగతా ఉంది.