నడిమధ్యన

మేత సంచులు ముప్పై రెండు.
రొయ్యల గుంట షెడ్డు వెనక పడేసినవి
అడిగి తెచ్చినా. అడక్కుండా తెచ్చినవి నాలుగు.
అల్లూరు మిల్లులో ఊక ఊరికే ఇచ్చారు,
ట్రాక్టరు బాడుగ మాత్రం నాది.
ఊక నింపి, దబ్బనంతో మూతులు కుట్టి, రెండు వరసలు పేర్చి
పైన నాయన పాత వల కప్పి
నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టినా.
ఆ వల కింద నీళ్ళు లేకపోవడం
అదే మొదటిసారి.

తొలి రాత్రి దానిమీద పడుకున్నది
మా మస్తానమ్మ కాదు, వీధి కుక్కలు.
మేత వాసన మరి.
పొద్దున్నే వాటిని అదిలించి తరమడమే
దానికి వార్మప్పు.

స్తంభాల సంగతి చెప్పాల.
చెడిపోయిన ఏరేటర్ గొట్టాలు రెండు,
పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి నిలబెట్టినా.
సెంటీమీటరుకో బెజ్జం.
డ్రిల్లు బిట్లు మూడు విరిగినయి,
ఓనరు జీతంలో పట్టుకున్నాడు.
బెజ్జంలో సైకిలు పుల్ల, పుల్ల మీద
కరెంటు వైర్లు దూర్చే తెల్ల పైపు.
తగిలితే పడిపోవాల, పట్టుకోని ఉండకూడదు.
జిలానీ సారు ఆ ఒక్క ముక్కే పదిసార్లు చెప్పినాడు:
“పైపు పడకపోతే పిల్ల విరుగుద్ది రా.”

అమ్మ ఉప్పు మళ్ళ కాడ నుంచి వచ్చి
కాళ్ళు కడుక్కోకుండానే చూసింది,
కసుమూరు మొక్కుకి పుట్టిన కూతురు
పైపుకి వీపు చూపించి గాల్లోకి లేవడం.
“ముందుకు చూస్తా నడిచేవాళ్ళే తట్టుకోని పడతారు గదమే,
నువ్వు వెనక్కి తిరిగి దూకుతావా?”
లోపలికి పోయింది. ఏమనుకుందో,
తన దిండు తెచ్చి
మెడ పడే చోట పెట్టింది.

తుఫాను వాన మూడు రోజులు.
ఊక గడ్డకట్టింది. ఎలకలు ఓ మూల కాపురం పెట్టినయి.
సంచులు విప్పి, ఎండబోసి, మళ్ళీ నింపినాం.
దాని వీపు మీద వల కండ్ల అచ్చు,
జడ నిండా ఊక.

షెడ్డు గోడ మీద బొగ్గుతో అంకెలు పెరిగినయి.
నూట ఇరవై ఆరు. నూట ముప్పై ఒకటి.
నూట నలభై రాసిన సాయంత్రం
నాకొకటి తెలుసు.
ఎండకి పైపు నడుం వాల్చింది.
పుల్లల కాడ నూట నలభై,
అది దాటే నడిమధ్యన నూట ముప్పై ఏడు.
చెప్పలా.
మూడు సెంటీమీటర్లే కదా,
కూర చాలని పూట
అమ్మ పులుసులో పోసే నీళ్ళంత.

పదో రోజు టేపు తీసుకోని అదే కొలిచింది.
నా మొగం వంక చూసింది. ఒక్క మాట అన్లా.
గోడ కాడికి పోయి
నలభైని తడి చేత్తో చెరిపి
ముప్పై ఏడని రాసింది.

కొత్త పైపు తెస్తాను, జీతం పడనీ, అన్నా.
“వొద్దునా.”
పైపుని అరచేతుల్లో దొర్లించింది,
వంపు ఆకాశం వైపుకి వచ్చిందాకా.
ఇప్పుడు నడిమధ్యన నూట నలభై మూడు.

ఎనిమిది అడుగులు, చివరి మూడూ వంకర తిరిగి.
పైపు పడింది. నేను పెట్టినా.
పడింది. పెట్టినా.
ఉప్పు మళ్ళ మీద వెలుతురు పోయిందాకా
ఇదే పని ఇద్దరికీ.

వచ్చే నెల నెల్లూరు స్టేడియంలో
కడ్డీ తిన్నగా ఉంటదంట.
పరుపు నీలంగా, నడుమెత్తున, దూదిలాగా ఉంటదంట.
పడితే నొప్పే తెలవదంట.
“అయితే పడ్డానని ఎట్ట తెలుస్తదినా?”
అంటా జడలో ఊక ఏరుకుంటది.

తెల్లారి డ్యూటీకి పోతా
పైపుని నీడకి చేర్చబోయి
ఆగినా.
ఎండలోనే ఉండనిచ్చినా.